ఐదిళ్ల రిజిస్టరు

కరుణశ్రీకి చెప్పిన మాట మళ్లీ చెప్పడం ఇష్టం లేదు. ఇరవై రెండేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే.

ఉదయగిరి బస్టాండు వెనక వీధిలో ఆమె రక్తపరీక్షల ల్యాబు. ఒక గది. ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు, గొట్టాలు గిరగిరా తిప్పే మిషను, ఒక చిన్న ఫ్రిజ్. గోడకు ఆమె చేతిరాతతో ఒక అట్ట ఉంది: పరగడుపున రావాలి. దాని కింద ఇంకొకటి: పరగడుపు అంటే టీ కూడా తాగకూడదు. దాని కింద మూడోది, ఈ ఏడాది రాసింది: కాఫీ కూడా.

వయసు నలభై ఏడు. తండ్రి ప్రేమానందం ఒక ఆస్పత్రిలో కాంపౌండరుగా పనిచేసి పోయాడు. పోతూ ఆమెకు ఇచ్చింది ఒక అలవాటు. ఏ ఫలితాన్నైనా రెండుసార్లు రాయడం. అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. 0.7 అని రాసి పక్కనే సున్నా పాయింటు ఏడు అని రాస్తుంది. అంకె మీద నీళ్లు పడినా అక్షరాలు చెప్తాయి. అక్షరాలు చెరిగినా అంకె చెప్తుంది. రెండూ కలవకపోతే ఎక్కడో తప్పు జరిగిందని తెలుస్తుంది. తప్పు తెలియడం కూడా ఒక ఫలితమే అనేవాడు ప్రేమానందం.

ఏటా ఫిబ్రవరిలో ఆమె పల్లెలకు పోతుంది. స్కూటరు వెనక ఐసు పెట్టె, ముందు సూదుల సంచి. ఆమె పోయే పల్లెల్లో కొన్ని ఇళ్లలో కిడ్నీలు చెడిపోతున్నాయి. నీళ్ల వల్ల అంటారు కొందరు. నొప్పి మాత్రల వల్ల అంటారు కొందరు. కరుణశ్రీ ఏమీ అనదు. రక్తం తీసుకుంటుంది, రాసుకుంటుంది. రక్తంలో క్రియాటినిన్ అని ఒకటుంటుంది. కిడ్నీ నీరసించేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. ఒక ఏడాది అంకె పెద్దగా ఏమీ చెప్పదు. ఐదారేళ్లవి వరసగా పెడితే చెప్తాయి. అందుకే ఆమె మళ్లీ మళ్లీ పోతుంది.

"మళ్లీ రక్తమా? పోయినేడు ఇచ్చింది ఏం చేసినావు?" అంటారు పల్లెలో.

"తాగినాను," అంటుంది కరుణశ్రీ. "చెయ్యి చాపు."

మొదటి మూడు రిజిస్టర్లను చెదలు తిన్నాయి. కంప్యూటరు కొన్నది. ఒక మే నెలలో పిడుగు పడి వీధిలో ఉన్న టీవీలన్నిటితో పాటు అదీ పోయింది. నెట్‌లో పెట్టుకోమన్నారు. పెట్టింది. రెండేళ్లకు ఆమె పాత ఫోన్ నంబరు రీచార్జి లేక ఇంకెవరికో పోయింది. పెట్టినవి మళ్లీ తెరవాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ ఆ ఇంకెవరికో పోతుంది. ఆయనది కర్నూలు. మర్యాదస్తుడే. నాలుగోసారి నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇవన్నీ పోవడం గురించి. దొరకడం గురించి కూడా ఆమెకు తెలుసు.

ఒక ఉదయం రిజిస్టరు బల్ల మీద తెరిచి పెట్టి లోపల చేతులు కడుక్కుంటోంది. రక్తం ఇవ్వడానికి వచ్చి కూర్చున్న ఒకామె దాన్ని చదివింది. భవ్యశ్రీ అనే అమ్మాయి తండ్రి పేరు, పక్కన అంకె. చదివినామెకు అర్థం కాలేదు. అర్థమయ్యేవాళ్లకు చెప్పింది. పది రోజుల్లో భవ్యశ్రీకి కుదిరిన సంబంధం తప్పిపోయింది. అది కిడ్నీల ఇల్లు అన్నారట అవతలివాళ్లు.

భవ్యశ్రీ ల్యాబుకు వచ్చింది. ఏడవలేదు.

"అంకె రాసుకుంటే రాసుకోండక్కా," అంది. "పేరెందుకు రాసినారు?"

పేరు లేకుండా అంకెకు అర్థం లేదు. ఆ మాట కరుణశ్రీ అనలేకపోయింది. మిగిలిన రిజిస్టర్లన్నీ స్కాన్ చేయించి, కాగితాలు పెరట్లో కాల్చేసింది. ఆ తరువాత ఆత్మకూరు బస్సెక్కింది.

ఆత్మకూరు బస్టాండు దగ్గర అక్రం కంప్యూటర్లు బాగుచేస్తాడు. నలభై దాటిన మనిషి. తక్కువ మాట్లాడతాడు. ఆమె చెప్పింది విన్నాడు. ఎక్కడా పోకూడదు. ఎవరికీ దొరకకూడదు.

"రెండూ ఒకచోట కుదరవక్కా," అన్నాడు. "నాలుగు చోట్ల పెడితే పోదు, దొరుకుతాది. ఒక్కచోట పెడితే దొరకదు, పోతాది."

"అది నాకూ తెలుసు. దానికే వచ్చినాను."

అక్రం ఒక కాగితం తీశాడు. "నువ్వు ల్యాబులో గ్రాఫు గీస్తావు గదా. తిన్నని గీతకు ఎన్ని చుక్కలు కావాల?"

"రెండు."

"వంపు తిరిగే గీతకు?"

"ఒక్క వంపైతే మూడు."

"నీ రిజిస్టరు ఆ వంపు గీత అనుకో. దాని మీద ఐదు చుక్కలు పెడతాను. ఒక్కో చుక్క ఒక్కో ఇంట్లో. ఏ మూడు తెచ్చినా గీత మళ్లీ గీయొచ్చు. రెండు పోయినా పర్లేదు."

"ఒక చుక్క ఎవరికైనా దొరికితే?"

"ఒక్క చుక్క మీంచి ఎన్ని గీతలు పోతాయి?"

ఆమె ఆలోచించింది. "ఎన్నైనా."

"రెండు చుక్కల మీంచి? వంపు గీతలు?"

"ఎన్నైనా."

"అంతే. రెండు దొరికినోడికి కూడా ఏమీ దొరకనట్టే."

ఒక మాట ఒక్కసారే చెప్పించుకుని అర్థం చేసుకోవడం ఎలా ఉంటుందో ఆమెకు చాలా ఏళ్ల తరువాత గుర్తొచ్చింది.

ఐదు పెన్‌డ్రైవులు కొన్నారు. ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రాంతో అక్రం ఏడాదికొక ఫైలు చొప్పున రిజిస్టరును ఐదు ముక్కలు చేశాడు. ఏ ముక్క తెరిచినా కనిపించేది గుర్తుల గందరగోళమే. అసలు రిజిస్టరు ఎక్కడా లేదు. ఏటా ఫిబ్రవరి పరీక్షలయ్యాక మూడు ముక్కలు ఆత్మకూరుకు తెచ్చి కలపాలి, కొత్త ఏడాది చేర్చాలి, మళ్లీ ఐదుగా చేసి పంచాలి. కలిపిన కాసేపు అక్రం తెరను ఆమె వైపు తిప్పి, తాను రోడ్డు వైపు తిరిగి కూర్చుంటాడు. ఆమె అవసరమైనది చూసుకుని సరే అన్నాక ఇటు తిరిగి అంతా చెరిపేస్తాడు.

ఒక ముక్క ఆమె ల్యాబులో. ఒకటి అక్రం కొట్టులో. మూడోది అనుమసముద్రంపేటలో బాబ్జాన్ దగ్గర. దర్గా వీధిలో అతని కొట్టు, పూల చాదర్లు, అత్తరు అమ్ముతాడు. యాత్రికులకు ఫొటోలు తీసి ఇవ్వడానికి ఒక కంప్యూటరు కూడా ఉంది. నాలుగోది మర్రిపాడులో పెంచలనరసయ్య ఇంట్లో. డెబ్బై దాటిన రైతు. ఆ చుట్టుపక్కల అన్నదమ్ములు విడిపోయినప్పుడల్లా భాగాలు ఆయన అరుగు మీదే తేలాయి. ఐదోది జలదంకిలో యేసుబాబు పాస్టరు దగ్గర. ఈ ముగ్గురి ఇళ్లలోనూ ఎవరో ఒకరు ఈ జబ్బుతో పోయారు. అందుకే ఆమె అడిగితే కాదనలేదు.

ముగ్గురికీ ఆమె ఏటా ఒకే మాట చెప్పేది. తెరవద్దు. వాడొద్దు. ఐదూ వేరువేరుగా ఉంటాయి, అలాగే ఉండాలి.

సరే అనేవాళ్లు.

జులైలో ఒక బుధవారం ఓబులమ్మ ల్యాబుకు వచ్చింది. ఉదయగిరి దగ్గర పల్లెలో మేకలు మేపుకునే మనిషి. నలభై నాలుగేళ్లుంటాయి. తమ్ముడు మల్లికార్జున లారీ డ్రైవరు. కిడ్నీలు రెండూ పోయి ఏడాదిగా వారానికి రెండుసార్లు నెల్లూరులో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. అతన్ని బస్సెక్కించేది, దించేది ఓబులమ్మే. తన కిడ్నీ ఒకటి తమ్ముడికిస్తానంది. పరీక్షలన్నీ చేశారు. అన్నీ కలిశాయి.

"మళ్లీ ఏంది?" అంది కరుణశ్రీ.

"డాక్టరు అడగతా ఉండాడు. నా అంకె సున్నా పాయింటు తొమ్మిదంట. అది మంచిదేనంట. అయితే ఎప్పుడూ తొమ్మిదేనా, ఏ ఆరు నుంచో తొమ్మిదికొచ్చిందా అంటాడు. మా ఇంట్లో ఇప్పటికే ఇద్దరికి వచ్చింది గదా. పాతవి చూడకుండా కొయ్యడంట."

"నేను ఏటా చీటీ ఇచ్చినాను గదా."

"ఇచ్చినావు."

"ఏవీ?"

ఓబులమ్మ ఫ్రిజ్ వైపు చూసింది. "ఒకటి పొగాకుకు చుట్టినాడు మా మామ. మిగిలినవి ఏమైనాయో."

కరుణశ్రీ పెన్ను తీసింది. "ఎప్పటికి కావాల?"

"సోమవారం డాక్టర్లంతా కూర్చుంటారంట. ఆ రోజు తేలకపోతే నా పేరు తీసేస్తారు. ఇంకెవరూ లేరక్కా. వాడి పెళ్లాం రక్తం కలవలా."

కరుణశ్రీ ఫ్రిజ్ తెరిచింది. ఆమె ముక్క రెండో అరలో, మందు సీసాల పక్కన, ప్లాస్టిక్ కవరులో ఉంది. పాడు కాకూడనిది ఏదైనా ఆమె ఫ్రిజ్‌లోనే పెడుతుంది. ల్యాబు మనిషికి అది సహజం. ఆమె కమ్మలు కూడా అక్కడే ఉన్నాయి. కరెంటు పోయినప్పుడల్లా కవరులో చెమ్మ చేరింది. పెన్‌డ్రైవ్ కొసన పచ్చగా చిలుము పట్టి ఉంది.

గురువారం పొద్దున అక్రం దాన్ని స్పిరిట్‌తో తుడిచి కంప్యూటరుకు పెట్టి చాలాసేపు చూశాడు.

"సగం చదవతా ఉండాది. రెండువేల పంతొమ్మిదో సంవత్సరం దాకా వస్తాది. ఆ తరువాత రాలా. ఎక్కడ పెట్టినావక్కా?"

"ఫ్రిజ్‌లో."

"ఎందుకు, కుళ్లిపోతాదనా?"

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఇంకా మూడిళ్లున్నాయి. అక్రం ముక్క బాగానే ఉంది. ఆ మూడిళ్లలో ఇద్దరివి చాలు.

అనుమసముద్రంపేటలో బాబ్జాన్ ఆమెను చూడగానే స్టూలు వేశాడు. గల్లాపెట్టె వెనక నుంచి ఆకుపచ్చ గుడ్డ మూట తీసి విప్పాడు. పెన్‌డ్రైవ్ గులాబీ అత్తరు వాసన వేసింది.

"బంగారం మాదిరి చూసుకున్నా కరుణమ్మా. ఏం ఢోకా లేదు. పెద్దాయన కూడా చూసినాడు, అంతా సరిగ్గా ఉండాది."

ఏ పెద్దాయన అని ఆమె అడగవలసింది. అప్పటికి బస్సు హారన్ కొడుతోంది.

మర్రిపాడులో పెంచలనరసయ్య అరుగు మీదే ఉన్నాడు. లోపలికి పోయి బీరువా తీసి, పసుపు రాసిన కవరు తెచ్చాడు. దాంతో పాటు ఒక నోటుపుస్తకం తెచ్చాడు.

"సంతకం పెట్టు పాపా."

"దేనికి పెద్దయ్యా?"

"నీ వస్తువు నీకు ముట్టినట్టు. సాక్షులు ఇద్దరుండాల."

"మీరిక్కడుండారు, నేనిక్కడుండాను. సాక్షులెందుకు?"

"ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు సాక్షులు కారు."

ఒక సాక్షి పక్కింట్లో దొరికాడు. రెండో సాక్షి చేనులో ఉన్నాడు. కబురు పంపారు. కరుణశ్రీ అరుగు మీద ముప్పావు గంట కూర్చుంది. ఎదురుగా ఒక లారీ ఆగింది, పోయింది. ఇంకొకటి ఆగింది.

"మీరు నా దగ్గర తీసుకున్నప్పుడు కాగితం రాయలేదు గదా పెద్దయ్యా."

"అది అప్పుడు జరిగిన పొరపాటు," అన్నాడు పెంచలనరసయ్య.

సాయంత్రం ఐదింటికి ఆమె మళ్లీ ఆత్మకూరులో దిగింది. అక్రం మూడు పెన్‌డ్రైవులూ వరసగా పెట్టాడు. ప్రోగ్రాం నడిపాడు. ఆపాడు. మళ్లీ నడిపాడు.

"అక్కా, బాబ్జాన్ భాయ్‌దీ పెద్దాయనదీ ఒకటే ముక్క."

"రెండు ముక్కలు గదరా నాకిచ్చింది."

"డ్రైవులు రెండు. లోపల ముక్క ఒకటే. రెంటిలోనూ నాలుగో నంబరే ఉండాది. మూడో నంబరు లేదు."

కరుణశ్రీ ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"పెద్దయ్యా, బాబ్జాన్ భాయ్ దగ్గర మీ ముక్క ఉండాది."

"ఉండాల గదా," అన్నాడు పెంచలనరసయ్య. "మేమే పెట్టినాం."

"ఎందుకు పెట్టినారు?"

"పోయిన నెల దర్గాకు పోయినా. బాబ్జాన్ కొట్లో కంప్యూటరుండాది గదా అని, నాది కూడా జేబులో వేసుకుని పోయినా. రెండూ పెట్టి చూసినాం. సైజు ఒకటే. లోపల మొదటి వరసే కలవలా. నీ పనిలో తేడా వచ్చిందని తెలిసిపోయింది. నాది చూసి అతనిది సరిచేసినాం."

"సరిచేసినారు."

"ఊ. అతనిది తీసేసి నాది ఎక్కించినాం. నేను జన్మలో ఎన్ని భాగాల పారీఖత్తులు రాయించినానో నీకు తెలుసా? ఐదుగురు అన్నదమ్ములుంటే ఐదు కాగితాలు రాస్తాం. అక్షరం తేడా ఉండకూడదు. ఒక దాంట్లో ఒకటి, ఇంకోదాంట్లో ఒకటి ఉంటే రేపు కోర్టుకు పోతారు. కలిపేస్తే కొట్లాట ఉండదు."

"ఎవరు కొట్లాడతారు పెద్దయ్యా? పెన్‌డ్రైవులా?"

అవతల పెంచలనరసయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఐదూ వేరుగా ఉండాలని ఏటా చెప్పినాను గదా," అంది కరుణశ్రీ.

"చెప్పినావు. పాపం పిల్లకు తెలీక చెప్తా ఉండాదిలే అనుకున్నా. నలుగురిలో నీ పరువు పోకూడదని నీకు చెప్పలా. జలదంకికి పోయి ఆ పాస్టరుది కూడా సరిచేయాలనుకున్నాం. కుదరలా."

ఆమె ఫోన్ పెట్టేసింది. నలభై ఏడేళ్ల పిల్ల. అక్రం ఇద్దరికీ టీ చెప్పాడు. టీ వచ్చింది. ఆమె తాగలేదు.

"చెడు బుద్ధితో చేసుంటే తిట్టొచ్చు," అంది కొంతసేపటికి.

"నాదొకటి, పెద్దాయనదొకటి," అన్నాడు అక్రం. "నీది సగం. పాస్టరుగారిది కావాల."

శుక్రవారం జలదంకి. యేసుబాబు పాస్టరు ఎదురొచ్చి వందనాలమ్మా అన్నాడు. పెన్‌డ్రైవ్ ఇంట్లో లేదు. చర్చిలో, పాటల బాక్సుకు తగిలించి ఉంది.

కరుణశ్రీ దాన్ని చూస్తూ నిలబడింది. బాక్సు మీద చిన్న ఎర్రలైటు వెలుగుతోంది.

"ఖాళీ చానా ఉండాది గదా అని నాలుగు పాటలు వేసుకున్నాం," అన్నాడు పాస్టరు. "మీది మేం ముట్టుకోలా."

"నాలుగేనా అన్నా?"

"ఈస్టరుకు కొన్ని కలిపినాం. ఒకసారి నిండిపోయిందంటే పాటల వాళ్లు ఏవో తీసేసినారు."

"ఏవి?"

"పేర్లు లేనివమ్మా. ఉత్త నంబర్లున్నవి."

ఆమె ఫైళ్లకు ఉన్నవి నంబర్లే.

"అన్నీ దేవుని పాటలేనమ్మా," అన్నాడు పాస్టరు మెల్లగా.

"కాదన్నానా అన్నా," అంది కరుణశ్రీ. బాక్సు నుంచి తనే దాన్ని పీకి తీసుకుంది.

తిరుగు బస్సులో ఆమె పెన్‌డ్రైవును గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది. ఓబులమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. రెండోసారి ఎత్తింది.

"దొరికిందా అక్కా?"

"పాటలు దొరికినాయి," అంది కరుణశ్రీ. "రేపు చెప్తాను."

శనివారం అంతా అక్రం కొట్టు షట్టరు సగం దించి పనిచేశాడు. తీసేసిన ఫైళ్లు పూర్తిగా పోవని, వాటి మీద ఇంకేదైనా రాస్తేనే పోతాయని చెప్పాడు. పాటలు కొన్నింటి మీద కూర్చున్నాయి. కూర్చోని చోట పాత ముక్క అలాగే ఉంది. కరుణశ్రీ స్టూలు మీద కూర్చుని రోడ్డు చూసింది. ఇద్దరూ అన్నం తినలేదు. మూడింటికి అక్రం కాగితం మీద ఒక వరస రాసి ఆమెకు చూపించాడు.

"పాస్టరుగారి దాంట్లో ఇరవై రెండు నుంచి ఈ ఏడాది దాకా వచ్చినాయి. ముందువి పాటల కింద పోయినాయి."

"నా దాంట్లో పంతొమ్మిది దాకే ఉండాది."

"అదే చెప్తా ఉండాను. ఏడాదికొక ఫైలు గదా. ఏ ఏడాదికి ఆ ఏడాది మూడు ముక్కలుంటే చాలు. అన్ని ఏళ్లకూ అవే మూడు కానక్కర్లా. పంతొమ్మిది దాకా నాది, పెద్దాయనది, నీది. ఇరవై రెండు నుంచి నాది, పెద్దాయనది, పాస్టరుగారిది."

ఇరవయ్యో సంవత్సరం రెండిట్లోనూ లేదు. అది పోయింది. ఇరవై ఒకటిలో కరోనా భయానికి ఆమె పల్లెలకు పోలేదు, ఎవరూ ఎక్కడికీ పోలేదు. మొత్తం పదకొండు ఫైళ్లలో పది తెరుచుకున్నాయి. ఒక ముక్క ఫ్రిజ్‌లో సగం చచ్చింది, ఇంకో ముక్క పాటల కింద సగం చచ్చింది. రెండు సగాలు కలిసి ఒక ముక్కకు దగ్గరగా వచ్చాయి.

అక్రం తెరను ఆమె వైపు తిప్పి రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆమె ఓబులమ్మ పేరు వెతికింది. ఏడాది తరువాత ఏడాది. తన చేతిరాతే. అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. ఆరు ఫలితాలు దొరికాయి. ఒక తెల్ల కాగితం మీద రాసుకుంది. రాసుకున్నాక పెన్నుకు మూత పెట్టింది.

"చెరిపెయ్యమంటావా?" అన్నాడు అక్రం, తిరగకుండానే.

"ఇంకొకసారి చూస్తాను," అంది. చూసింది. అంకెలూ అక్షరాలూ కలిశాయి. తప్పు లేదు.

"ఇంక కొత్తగా ఐదు చెయ్యి," అంది. "ఆ తరువాత చెరుపు."

ఆదివారం ఓబులమ్మ ల్యాబుకు వచ్చింది. కరుణశ్రీ గ్రాఫు కాగితం బల్ల మీద పరిచింది. కింద ఏళ్లు, పక్కన అంకెలు. పెన్సిలుతో చుక్కలు పెట్టింది. పద్దెనిమిదిలో సున్నా పాయింటు ఆరు. పంతొమ్మిదిలో ఆరు. ఇరవై రెండులో ఏడు. ఇరవై మూడు, ఇరవై నాలుగుల్లో ఎనిమిది. ఈ ఏడాది తొమ్మిది. గీత గీయలేదు. ఓబులమ్మకు గీయకుండానే కనిపించింది. కొండెక్కే మేకల్ని చూసిన కన్ను.

"పైకి పోతా ఉండాది."

"ఊ."

"వాడిది కూడా ఇట్టనే పోయిందా?"

"ఇట్టనే మొదలైంది."

ఓబులమ్మ చివరి చుక్క మీద వేలు పెట్టింది. "ఇదొక్కటే చూపిస్తే? మంచిదే అన్నాడు గదా డాక్టరు."

"మిగిలినవి?"

"దొరకలేదని చెప్పు. ఎట్లాగూ ఐదిళ్లలో పెట్టి పోగొట్టినావంట గదా. బస్టాండులో అందరూ అనుకుంటా ఉండారు."

కరుణశ్రీ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు రోజులు. ఏడు బస్సులు. ఇద్దరు సాక్షులు. ఈస్టరు పాటలు. ఇవేవీ ఓబులమ్మ అడగలేదు. ఓబులమ్మ అడిగింది ఒక అంకె మాత్రమే.

"నేను ఇయ్యలేనా?" అంది ఓబులమ్మ.

"ఇవ్వకూడదు."

"అది వేరే మాట గదక్కా."

"వేరే మాటే," అంది కరుణశ్రీ. "ఇయ్యొచ్చు. కోస్తే వస్తాది. నాలుగేళ్లకో ఐదేళ్లకో నువ్వూ ఆ మంచం మీదే పడుకుంటావు. ఇప్పుడు వాణ్ణి వారానికి రెండుసార్లు బస్సెక్కించేది ఎవరు?"

"నేను."

"అప్పుడు నిన్నెవరు ఎక్కిస్తారు?"

వీధిలో ఎవరో స్కూటరు తన్నుతున్నారు. స్టార్టు కావడం లేదు. మళ్లీ తన్నారు.

"నువ్వు దీన్ని దొరక్కుండా ఉంచుంటే బాగుండేది," అంది ఓబులమ్మ. కోపం లేదు. ఒక లెక్క చెప్పినట్టుగా అంది.

కరుణశ్రీ గ్రాఫు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలో పెట్టింది. "నీ రక్తం, నీ కాగితం. డాక్టరుకు నేను ఫోన్ చేయను. చూపిస్తే చూపించు, లేకుంటే పొగాకుకు చుట్టు."

సోమవారం ఓబులమ్మ నెల్లూరు పోయింది. తమ్ముణ్ణి డయాలసిస్ మంచం మీద పడుకోబెట్టి, మేడ మీదికి పోయి డాక్టర్ల ముందు మడత విప్పింది. వాళ్లు ఐదు నిమిషాల్లో ఆమె పేరు తీసేశారు. మల్లికార్జున పేరు ఇంకో జాబితాలో రాశారు. చనిపోయినవాళ్ల కిడ్నీల కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా. అది పొడుగ్గా ఉంది. సాయంత్రం ఆమె తమ్ముణ్ణి బస్సెక్కించి కిటికీ వైపు కూర్చోబెట్టింది. ఎందుకు కుదరలేదో చెప్పలేదు. డాక్టర్లు ఒప్పుకోలేదని మాత్రం చెప్పింది.

కరుణశ్రీకి ఇవన్నీ వారం తరువాత తెలిశాయి. అప్పటికి ఆమె కొత్త ముక్కలు పంచుతోంది.

బాబ్జాన్ కొత్తదాన్ని రెండు చేతులతో అందుకుని, తౌబా అని చెంపలు తాకాడు. మళ్లీ కంప్యూటరు దగ్గరికి కూడా తీసుకుపోనన్నాడు. యేసుబాబు పాస్టరుకు ఆమె రెండు పెన్‌డ్రైవులిచ్చింది. ఒకటి ముక్క. ఒకటి ఖాళీది, పాటలకు. దాని డబ్బులు తనే పెట్టుకుంది.

మర్రిపాడులో పెంచలనరసయ్య అరుగు మీద ముఖం పక్కకు పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ అలా పెట్టేయడం ఆయనకు నచ్చలేదు. కరుణశ్రీ కింది మెట్టు మీద కూర్చుంది. ఎలా చెప్పాలో బస్సులో ఆలోచించుకుని వచ్చింది.

"పెద్దయ్యా, అన్నదమ్ములు విడిపోతే అందరికీ ఒకటే చేను ఇస్తారా?"

"అదెట్లా కుదురుతాది? ఒకడికి పైచేను, ఒకడికి కిందిచేను, ఒకడికి బావి పక్కది."

"పైచేను ఇంకోడికి కూడా రాసేస్తే?"

"కిందిచేను బీడు పడతాది."

"ఇవి చేలు పెద్దయ్యా. కాగితాలు గావు."

పెంచలనరసయ్య చాలాసేపు రోడ్డు చూశాడు. తరువాత ఆమె వైపు తిరిగాడు.

"ఆ మాట మొదట్లోనే చెప్తే సరిపోయేది గదా," అన్నాడు. "నీకు చెప్పడం రాదు పాపా." లోపలికి పోయి నోటుపుస్తకం తెచ్చాడు. ఈసారి ముక్క పుచ్చుకున్నది ఆయన. సాక్షుల కోసం కబురు పంపారు.

ఐదో ముక్క ఆమె తన ల్యాబులో పెట్టుకోలేదు. ఫ్రిజ్ తప్ప ఇంకో చోటు ఆమెకు తోచదు. అది తనకే తెలుసు. దాన్ని సంచిలో వేసుకుని రెండు నెలలు తిరిగింది.

అక్టోబరులో ఒక పొద్దున ఓబులమ్మ వచ్చింది. ఇకనుంచి మూడు నెలలకోసారి రక్తం చూపించుకోవాలని నెల్లూరులో చెప్పారు. నొప్పి మాత్రలు మానేసింది. కొంచెం చిక్కింది. స్టూలు మీద కూర్చుని చుట్టూ చూసింది.

"నా లెక్కంతా ఆ ఐదిళ్లలోనే ఉండాదా?"

"ఉండాది."

"వాళ్లకు తెలుసా?"

"ఏ ఒక్కరికీ తెలీదు. ముగ్గురివి కలిస్తేనే తెలుస్తాది. నేను లేకుండా అక్రం కలపడు."

ఓబులమ్మ కొంతసేపు ఆలోచించింది. "ఒకటి నాకియ్యి."

కరుణశ్రీ ఆమె ముఖం చూసింది. సంచిలో చేయి పెట్టి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టింది.

"దీంట్లో నా పేరుండాదా?"

"దీంట్లో ఎవరి పేరూ లేదు. ఇంకో రెండు కలిస్తే అందరివీ ఉంటాయి."

ఓబులమ్మ దాన్ని కొంగున ముడివేసింది. రెండు ముళ్లు వేసింది. లాగి చూసింది.

"తెరవద్దు," అంది కరుణశ్రీ. "వాడొద్దు. ఎవరికీ ఇవ్వొద్దు. ఫ్రిజ్‌లో పెట్టొద్దు."

"మాకు ఫ్రిజ్ ఎక్కడుండాది?"

"మంచిది."

ఓబులమ్మ చెయ్యి చాపింది. కరుణశ్రీ రబ్బరు పట్టీ కట్టి, నరం మీద దూదితో తుడిచి, సూది చేతిలోకి తీసుకుంది.

"పరగడుపేనా?"

"పరగడుపే."

"టీ?"

ఓబులమ్మ గోడ మీది అట్టల వైపు చూసింది. మూడూ పై నుంచి కింది దాకా చూసింది.

"రొంచే తాగినా," అంది. "బస్సు లేటైందని."

కరుణశ్రీ సూదిని మళ్లీ పళ్లెంలో పెట్టింది. పట్టీ విప్పింది.

"సరే," అంది. "మళ్లీ చెప్తాను."